ఎవరిదీ సైకిలు?

(బి.ఎస్సీ. మూడో సంవత్సరం విద్యార్థి)

సైకిలు పోవడం కూడా ఒక వ్యాసానికి వస్తువేనా అని సంపాదకవర్గం వారు నవ్వుకోవచ్చు. దేశంలో సమస్యలకేం కొదవ? నిరుద్యోగం ఉంది, ధరలున్నాయి, పరీక్షలున్నాయి, రాసి ఆర్నెల్లైనా ఫలితాలు రాని పరీక్షలూ ఉన్నాయి. వాటి మీద నాకంటే బాగా రాయగల మిత్రులు మన కాలేజీలో చాలామంది ఉన్నారు. సైకిలు పోగొట్టుకున్నవాళ్ళు కూడా చాలామందే ఉన్నారు గాని, వాళ్ళెవరూ రాయరు. రెండ్రోజులు తిట్టుకుని, మూడోరోజు నుంచి నడిచి వస్తారు. అంచేత వాళ్ళ తరఫున ఈ నాలుగు ముక్కలు నేను రాస్తున్నాను. చివరికి నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవలసి ఉంది.

మాది కృష్ణా పశ్చిమ డెల్టాలో ఒక పల్లె. నాన్న కౌలు రైతు. సార్వాకి వరి, అది కోశాక మినుము. మా ఊరి నుంచి కాలేజీకి కాలవకట్ట మీదుగా తొమ్మిది కిలోమీటర్లు. బస్సు లేకపోలేదు. పొద్దున్న అది వచ్చే వేళని నమ్ముకుంటే మొదటి పీరియడ్ పోతుంది, సాయంత్రం అది వెళ్ళే వేళకి అందుకోవాలంటే ప్రాక్టికల్స్ సగంలో వదిలి పరిగెత్తాలి. అందుకని మొదటి సంవత్సరం నుంచీ నాకు సైకిలే గతి. ఎదురుగాలి లేనినాడు ముప్పావుగంట, ఉన్ననాడు గంట. దారిలో నేనొక్కణ్ణే కాదు. పాలక్యాన్లు కట్టుకున్నవాళ్ళు, తాపీ పనివాళ్ళు, పట్నంలో బట్టల కొట్లలో పనిచేసే కుర్రాళ్ళు, అందరం ఒకే గాలికి ఎదురు తొక్కుతూ వస్తాం. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో నూటికి ఇంచుమించు 45 కుటుంబాలకి సైకిలుంది. సైకిళ్ళ కాలం పోయిందనేవాళ్ళు ఒకసారి తెల్లవారుజామున మా కాలవకట్ట మీదికి వస్తే తెలుస్తుంది.

నా సైకిలు నిజానికి నాది కాదు, నాన్నది. నల్లటి అట్లాసు. పెళ్ళికాక ముందు కొన్నాడట. దానిమీద ఎరువు బస్తాలు మోశాడు. అమ్మకి జ్వరమొస్తే వెనక క్యారియర్ మీద ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ముందు రాడ్డుకి తువ్వాలు చుట్టి, దానిమీద నన్ను కూర్చోబెట్టుకుని బళ్ళో దింపాడు. ఆ కంపెనీ చివరి ఫ్యాక్టరీ సాహిబాబాదులో 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవమట! ఫ్యాక్టరీ ఆగినా మా సైకిలు ఆగలేదు. మొన్న ఫిబ్రవరి దాకా.

ఆరోజు కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఆలస్యమైంది. నాకొచ్చిన సాల్టు ఏమిటో ఎంతకీ తేలలేదు. నాలుగున్నరకి బయటికొచ్చేసరికి స్టాండులో నా సైకిలు పెట్టిన చోట ఎవరిదో మోటారు సైకిలుంది. అలాంటప్పుడు మనిషికి దొంగతనం మీద అనుమానం రాదు, తన మీద తనకే అనుమానం వస్తుంది. ఇవాళ వేరేచోట పెట్టానేమో, అసలు సైకిలు మీద వచ్చానా లేదా అనిపిస్తుంది. స్టాండు మూడుసార్లు చుట్టి వచ్చాను. కాపలా ఆయన, "ఎవరో నీ స్నేహితులే తీసుకెళ్ళుంటారులే బాబూ, రేపు తెచ్చేస్తార్లే" అన్నాడు. ఆ రాత్రి తొమ్మిది కిలోమీటర్లు నడిచాను. జేబులో తాళంచెవి మాత్రం భద్రంగా ఉంది.

నాన్న ఏమీ అనలేదు. "పోతే పోయిందిలేరా. నువ్వు అన్నం తిను" అన్నాడు. అమ్మ మాత్రం ఆ దొంగని ఏడు తరాల వరకూ తిట్టింది. నాన్న తిట్టి ఉంటేనే నాకు సుఖంగా ఉండేది.

మర్నాడు గేటు ఎదుట టీకొట్టు ఆయన్ని అడిగితే అసలు సంగతి చెప్పాడు. మధ్యాహ్నం ఒకడు నల్ల సైకిలు వెనక చక్రం ఎత్తిపట్టుకుని, ముందు చక్రం మీద నడిపించుకుంటూ వెళ్ళాడట. "పంక్చరేమో అనుకున్నానయ్యా" అన్నాడు. ఆయనే కాదు, ఆ వేళ గేటు దగ్గర పదిమంది విద్యార్థులు టీ తాగుతున్నారట. వాళ్ళందరూ కూడా పంక్చరే అనుకున్నారు. పట్టపగలు, పదిమంది ఎదుట, తాళం వేసి ఉన్న సైకిలు రాజమార్గాన వెళ్ళిపోయింది. "ఇది ఎవరిది బాబూ?" అని ఒక్కడు అడిగి ఉంటే చాలు. ఎవరూ అడగలేదు. వాళ్ళని నేను తప్పుపట్టడం లేదు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ టీయే తాగేవాణ్ణి.

తర్వాత పోలీసు స్టేషనుకి వెళ్ళాను. అక్కడాయన మంచివాడే, కూర్చోమన్నాడు. "సైకిలా?" అని ఒకసారి అని, మూడు ప్రశ్నలు వేశాడు. నెంబరెంత? సైకిలుకి నెంబరుంటుందనే నాకు తెలీదు. బిల్లుందా? నేను పుట్టక ముందటి బిల్లు ఎక్కడుంటుంది? విలువెంత? "ఇప్పుడమ్మితే రెండువేలు వస్తుందేమో సార్" అన్నాను. నిజమే చెప్పాను. ఆ నిజంతోనే నా కేసు అయిపోయింది.

ఎందుకంటారా? తర్వాత లైబ్రరీలో కూర్చుని చదివి తెలుసుకున్నాను. పూర్వం ఐ.పి.సి. 379వ సెక్షన్ కింద దొంగతనమంటే, వస్తువు విలువ ఎంతైనా, పోలీసులు తమంతట తాము కేసు కట్టి దర్యాప్తు చేసే నేరమే. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దాని 303వ సెక్షన్లో ఒక మంచి మాట ఉంది. పోయిన వస్తువు విలువ 5,000 రూపాయల లోపైతే, దొంగకి అది మొదటి నేరమైతే, వస్తువుగాని దాని విలువగాని తిరిగి ఇచ్చేస్తే, జైలు బదులు సమాజ సేవ శిక్షగా వేస్తారు. కడుపు కాలి దొంగతనం చేసినవాణ్ణి జైల్లో వేసి పెద్ద దొంగని చేసేకంటే ఇది నయమని నేనూ ఒప్పుకుంటాను. కాని దీనికి తోకలాగా ఇంకోటి ఉంది. అయిదు వేల లోపు దొంగతనాన్ని మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయకూడని నేరాల పట్టికలో చేర్చారు. పుస్తకంలో రాసుకుని, మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళమని చెప్పడం వరకే వాళ్ళ పని.

ఇక ఆలోచించండి. లక్ష రూపాయల మోటారు సైకిలు పోతే వెతకడానికి చట్టం తక్షణం లేస్తుంది. రెండువేల సైకిలు పోతే, పోగొట్టుకున్నవాడు రోజుకూలీ మానుకుని కోర్టు మెట్లెక్కాలి. అసలు దొంగని పట్టుకున్నాక గదా సమాజ సేవ! పట్టుకునే దారి మూసేసి, పట్టుబడ్డవాడి మీద దయ చూపిస్తే లాభమేమిటి? వస్తువు ఖరీదుని బట్టి నష్టం కొలవడం లెక్కల్లో సరిపోతుందేమోగాని బతుకులో సరిపోదు. మోటారు సైకిలు పోయినాయన మర్నాడు ఆటోలో వెళ్తాడు. సైకిలు పోయిన తాపీమేస్త్రి పనికి వెళ్ళడు.

నా సంగతే చెప్తాను. అయిదు వారాలు నడిచాను. కొన్నాళ్ళు పాలవాళ్ళ వెనక కూర్చున్నాను, కొన్నాళ్ళు ట్రాక్టరు ఎక్కాను. మొదటి పీరియడ్ హాజరు పడిపోయింది. కాళ్ళ నొప్పులకంటే, ఆలస్యంగా వెళ్ళి క్లాసు గుమ్మంలో నిలబడ్డం ఎక్కువ నొప్పి. సరిగ్గా అప్పుడు ఒక మిత్రుడు చెవిలో చెప్పాడు: "సైకిలుంది, వెయ్యి రూపాయలు. కాగితాలూ గట్రా అడక్కు."

వెళ్ళి చూశాను. చెప్పొద్దూ, బాగుంది. టైర్లు గట్టివి. ఫ్రేముకి చేత్తో పూసిన ఆకుపచ్చ రంగు. పెడల్ ఇరుసు కింద నెంబరుండాల్సిన చోట ఆకురాయితో అరగదీసి ఉంది. అప్పటికి నెంబరెక్కడుంటుందో నాకు తెలిసింది మరి! ముందు రాడ్డు మీద, చిన్నపిల్లల సీటు బిగించే బిగింపులు అలాగే ఉన్నాయి. సీటు మాత్రం తీసేశారు. అది చూసి కూడా నేను బేరమాడాను. తొమ్మిదివందలకి ఖాయం చేసుకుని వందరూపాయలు బయానా ఇచ్చాను. నాదొకడు తీసుకెళ్ళాడు గదా, లోకంలో ఇలాగే చేతులు మారుతుంటాయి గదా అని సర్దిచెప్పుకున్నాను.

ఇటలీ దర్శకుడు డి సికా 1948లో తీసిన "బైసికిల్ థీవ్స్" అనే సినిమా ఆ తర్వాత ఫోనులో చూశాను. గోడలకి కాగితాలంటించే ఉద్యోగం సైకిలుంటేనే దొరుకుతుంది. దుప్పట్లు తాకట్టు పెట్టి విడిపించుకున్న సైకిలు మొదటిరోజే పోతుంది. ఊరంతా వెతికి, చివరికి గతిలేక ఆ మనిషే ఇంకొకరి సైకిలు ఎత్తుకుపోబోయి, కన్నకొడుకు ఎదుట పట్టుబడతాడు. ఆ చివరి దృశ్యంలో నాకు ఆకుపచ్చ రంగు సైకిలే కనపడింది. ఆయన పరిగెత్తాడు, నేను బయానా ఇచ్చాను. అంతే తేడా.

ఆ రాత్రి నాన్నతో, "సైకిలు చూశాను, తొమ్మిదివందలే" అన్నాను. నాన్న ఒక్కటే అడిగాడు, "ఎవరిదిరా?" అని.

నేను జవాబు చెప్పలేకపోయాను.

పల్లెటూరి రైతు అది అడక్కుండా ఏదీ కొనడు. సంతలో ఎద్దుని కొనేటప్పుడు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర మాట్లాడుకుంటారుగాని, అంతకుముందే ఇది ఏ ఊరిది, ఎవరి ఇంట పుట్టింది, ఎందుకమ్ముతున్నారు అని పదిమంది ఎదుట అడుగుతారు. సాక్షులుంటారు, సంత చీటీ ఉంటుంది. ఎద్దు ఒంటిమీద ముద్ర, కొమ్ముల వంపు, సుడి అన్నీ చూస్తారు. అందుకే పక్క ఊరి ఎద్దుని తోలుకొచ్చి అమ్మడం అంత తేలిక కాదు. దొంగ లేక కాదు, కొనేవాడు దొరక్క. చదువురాని మా తాతలు ఎద్దు విషయంలో పాటించిన జాగ్రత్త, డిగ్రీ చదువుతున్న మనం సైకిలు విషయంలో పాటించడం లేదు.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. సైకిలు దొంగ దాన్ని తొక్కుకోడానికి తీసుకెళ్ళడు, అమ్ముకోడానికి తీసుకెళ్తాడు. చవగ్గా వస్తోందని, అడక్కుండా కొనేది ఎవరు? ఎక్కువగా మనలాంటి వాళ్ళమే. ఇవాళ సైకిలు పోగొట్టుకున్నవాడు రేపు దొంగ సైకిలు కొంటాడు. సీటు పోయినవాడు పక్కవాడి సీటు విప్పుకుంటాడు. తిలాపాపం తలా పిడికెడు. దొంగసొత్తని తెలిసి, లేదా అలా అనుకోడానికి తగిన కారణం ఉండి కూడా కొనడం న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకూ జైలుశిక్ష పడే నేరం. అరగదీసిన నెంబరు కంటే తగిన కారణం ఇంకేం కావాలి?

తాళాల సంగతి కూడా ఒక మాట. వెనక చక్రం తాళం చక్రాన్ని తిరగనివ్వదు, అంతే. సైకిలుని కదలనివ్వదనుకోవడం భ్రమ. ముందు చక్రం నేలమీద ఆనుకునే ఉంటుంది గనక దొంగ మొత్తం బరువు ఎత్తక్కర్లేదు, సగం ఎత్తితే చాలు. మనం క్లాసులో చదివే భౌతికశాస్త్రం వాడికి అనుభవంలో వచ్చు. రంగురంగుల వైరు తాళాలు చూడ్డానికి లావుగా ఉంటాయిగాని ఆ లావంతా ప్లాస్టిక్ తొడుగుదే. లోపలుండేది సన్నటి తీగెల పేట. పొడుగు పిడుల కత్తెరకి అది ఒక్క నొక్కు. మంచి ఇనప గొలుసు తీసుకుని, వెనక చక్రాన్నీ ఫ్రేమునీ కలిపి, భూమిలో పాతిన స్తంభానికి వేస్తేనే తాళం వేసినట్టు. మన స్టాండులో ఒక్క స్తంభం లేదు. రేకుల కప్పు మాత్రం ఉంది. ఎండ తగలకుండా పోతున్నాయి మన సైకిళ్ళు!

ఇంకొకటి. ఇవాళ ఇంటికెళ్ళగానే సైకిలు తిరగేసి నెంబరు చూడండి. కొన్నిటికి పెడల్ ఇరుసు కింద ఉంటుంది, కొన్నిటికి సీటు గొట్టం మీద ఉంటుంది. మట్టి తుడిచి, మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ అచ్చు తీసినట్టు నెంబరు దిగుతుంది. ఫోనులో ఫోటో కూడా తీసుకోండి. మీ పేరు, ఊరు రాసిన చీటీ ఒకటి మడిచి, సీటు విప్పి గొట్టంలో వేసుకోండి. దొంగ రంగు మారుస్తాడు, నెంబరు అరగదీస్తాడు. కడుపులో ఉన్న చీటీ సంగతి వాడికి తెలీదు.

కాని ఒక్కొక్కరం పడే జాగ్రత్త వల్ల, దొంగ నా సైకిలు వదిలి పక్క సైకిలు పట్టుకుంటాడు. అంతకంటే ఏమీ జరగదు. అందుకని మన యూనియన్‌కి నాలుగు విన్నపాలు చేస్తున్నాను.

మొదటిది, యూనియన్ ఆఫీసులో ఒక సైకిళ్ళ రిజిస్టరు. పేరు, క్లాసు, సైకిలు నెంబరు, గుర్తులు. ఇది కొత్త సంగతేం కాదు. మన దగ్గర ఒకప్పుడు మునిసిపాలిటీలు సైకిలుకి పన్ను కట్టించుకుని బిళ్ళ ఇచ్చేవని పెద్దవాళ్ళు చెప్తారు. జపాన్‌లో ఈనాటికీ సైకిలు కొన్నవారు నమోదు చేయించుకోవాలని చట్టమే ఉంది. నెంబరు చీటీ ఫ్రేముకి అంటిస్తారు. మనకి ఒక చిట్టా పుస్తకం చాలు.

రెండోది, టోకెన్లు. పాత సినిమా హాళ్ళ సైకిలు స్టాండుల్లో రెండు ముక్కల టోకెన్ ఉండేది. ఒకటి హ్యాండిల్‌కి, ఒకటి చేతికి. ఆట వదిలాక వందల సైకిళ్ళు, తోపులాట, చీకటి. అయినా టోకెన్ లేనిదే సైకిలు బయటికి వచ్చేది కాదు. ఒక సినిమా హాలుకి చేతనైంది, ఇంత చదువుకున్న కాలేజీకి చేతకాదా?

మూడోది, కాలేజీలో ఎవరు ఎవరికి సైకిలు అమ్మినా ఒక కాగితం మీద ఇద్దరి సంతకాలు, సైకిలు నెంబరు రాసి రిజిస్టరులో అతికించాలి. నెంబరు లేని సైకిలు కొనకూడదని మనం మనకే కట్టుబాటు చేసుకోవాలి.

నాలుగోది, ఒక నిధి. సైకిలు మీద వచ్చేవాళ్ళం రెండొందలమంది ఉన్నామనుకోండి. సంవత్సరానికి ముప్పైరూపాయలు వేస్తే ఆరువేలవుతుంది. పోగొట్టుకున్న ఇద్దరు ముగ్గురికి రసీదున్న పాత సైకిళ్ళు కొనిపెట్టవచ్చు. వాడు ఆకుపచ్చ సైకిలు దగ్గరికి వెళ్ళే అవసరం ఉండదు. సైకిలు లేని మిత్రులు, లెక్చరర్లు, పాత విద్యార్థులు తలా ఒక చెయ్యి వేస్తామంటే కాదనం. ఆ ఇనప స్తంభాలు కూడా దాంట్లోనే పాతించవచ్చు.

"దొంగల్ని పట్టడం యూనియన్ పనా?" అని కొందరనవచ్చు. దొంగల్ని పట్టమని నేననడం లేదు. దొంగసొత్తుకి మన కాంపౌండులో గిరాకీ లేకుండా చెయ్యమంటున్నాను. చట్టం మన సైకిలుని చిన్నచూపు చూసిందని బాధపడే హక్కు మనకుంది. ఆ చట్టాన్ని మార్చమని అడిగే హక్కూ ఉంది. ముందు మనం మన సైకిలుని చిన్నచూపు చూడ్డం మానాలి.

ఇక నా సంగతి. మార్చిలో మినుములు కొట్టాక నాన్న కొత్త సైకిలు కొన్నాడు. 2025-26కి కేంద్రం ప్రకటించిన మినుముల మద్దతు ధర క్వింటాలుకి 7,800 రూపాయలు. ఇంచుమించు ఒక క్వింటాలు మినుములు ఆ సైకిలు కింద పోయాయి. కౌలు చెల్లించాక మిగిలే దాంట్లో అది ఎంత భాగమో రైతుబిడ్డలకి చెప్పక్కర్లేదు. బిల్లు మాత్రం నాన్నే అడిగి తీసుకుని, తెల్లకార్డు పెట్టుకునే సంచిలో దాచాడు.

ఆ వందరూపాయల బయానా నేను వదిలేసుకున్నాను. అక్కడితో నా నీతి పూర్తయిందనుకున్నాను. నెల తిరక్కుండా ఆ ఆకుపచ్చ సైకిలు మన స్టాండులోనే కనపడింది. కొన్నతను నాకంటే చిన్నవాడు. బహుశా అతనికేమీ తెలియకపోవచ్చు. రోజూ దాని పక్కనే నా సైకిలు పెట్టి గొలుసు వేసుకుంటున్నాను. ముందు రాడ్డు మీది ఆ బిగింపులు రోజూ చూస్తున్నాను. తువ్వాలు చుట్టిన రాడ్డు మీద కూర్చుని బడికి వెళ్ళినవాణ్ణి, వాటి అర్థం నాకు తెలియదని ఎలా అనను? ఇన్నాళ్ళూ నోరెత్తలేదు. టీ తాగుతూ నిలబడ్డ ఆ పదిమందిలో నేను పదకొండోవాణ్ణి.

యూనియన్ వారు రిజిస్టరు తెరిచిననాడు మొదట నా సైకిలు నెంబరు రాయిస్తాను. తర్వాత ఆ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వస్తాను. అతని డబ్బు అతను నష్టపోకుండా చూడమని మిమ్మల్నందర్నీ అడుగుతాను. మొదటి పదిరూపాయలు నేను వేస్తాను. ఆ తర్వాత అందరం కలిసి, ఆ సైకిలు మీద ఒకప్పుడు ఏ చంటిపిల్ల బడికెళ్ళిందో వెతుకుదాం. దొరక్కపోవచ్చు. అయినా అడుగుదాం, ఎవరిదీ సైకిలు అని.